కాగిపోతున్న గేమ్ కన్సోల్‌కు అదనపు ఫ్యాన్: ఎక్కడ బిగించాలి, ఎక్కడ బిగించకూడదు

మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, టీవీ యూనిట్ అరలోకి దూర్చిన పీఎస్4 (సోనీ వారి ప్లేస్టేషన్ 4 కన్సోల్) మీద అరగంట ఆడితే అది చేసే రొద ముందు టీవీ మాటలు వినిపించవు. కాసేపటికి కన్సోల్ బాగా వేడెక్కిందని, ఆపి చల్లారనివ్వమని తెర మీద సందేశం వస్తుంది. అప్పుడు ఎవరైనా మొదట చేసే పని ఆన్‌లైన్‌లో వెదికి, కన్సోల్ వీపుకు తగిలించే ఒక చిన్న ఫ్యాన్ల పెట్టెను కొనడం. నేనూ అదే చేసి, డబ్బు పోగొట్టుకున్నాను. అదనపు ఫ్యాన్ ఉపయోగపడే సందర్భాలు నిజంగానే ఉన్నాయి గానీ, దాన్ని బిగించవలసిన చోటు కన్సోల్ ఒంటి మీద కాకుండా కన్సోల్ కూర్చున్న అరకు అన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే మనకు చల్లగా అనిపించేది ముఖ్యంగా ఒంటి మీది చెమట ఆరడం వల్ల. కన్సోల్‌కు చెమట పట్టదు కాబట్టి, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అది గదిలోని గాలి కన్నా చల్లబడదు. పీఎస్4, పీఎస్5 పనిచేయవలసిన పరిసర ఉష్ణోగ్రతను సోనీ 5 నుంచి 35 డిగ్రీల మధ్య అని నిర్ణయించింది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో మేడ మీది గది 37, 38 డిగ్రీలు ఉండటం వింత కాదు, అంటే మీట నొక్కకముందే యంత్రం ఆ హద్దు దాటిపోయి ఉంటుంది. దాని మీద ఇరుకైన అరలో తాను వదిలిన వేడి గాలినే తాను మళ్ళీ పీల్చుకుంటే, లోపలికి వెళ్ళే గాలి ఇంకో పది డిగ్రీలు పెరగవచ్చు. గది వేడిని మనం తగ్గించలేం, ఆ పై పది డిగ్రీలను మాత్రం తగ్గించగలం. అదనపు ఫ్యాన్ చేయగలిగిన పని అంతవరకే.

గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది

పీఎస్4లో గాలి పక్కల ఉన్న సన్నని గాడి గుండా లోపలికి వెళ్ళి, హీట్‌సింక్‌నూ (చిప్పు వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ) పవర్ సప్లైనీ దాటుకుని వెనుక నుంచి బయటికి వస్తుంది. పీఎస్5లో ముందు వైపు, తెల్ల పలకల సందుల్లోంచి లోపలికి వెళ్ళి వెనుక నుంచి వస్తుంది. 2020లో వచ్చిన మొదటి మోడల్‌లో 120 మిల్లీమీటర్ల వ్యాసం, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒకే పెద్ద ఫ్యాన్ రెండు వైపుల నుంచీ గాలిని లాగుతుంది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కింది నుంచీ వెనుక నుంచీ పీల్చి నెత్తి మీది పెద్ద జల్లెడ గుండా పైకి ఊదుతుంది. అందుకే దాని మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టడమంటే ముక్కు మూయడమే. నింటెండో స్విచ్ కన్సోల్‌లో వేడి గాలి పై అంచున ఉన్న సన్నని చీలికల్లోంచి వస్తుంది.

వెనుక నుంచి వేడి గాలి కొడుతోందని కంగారుపడేవారు చాలామంది ఉన్నారు. అది మంచి లక్షణమే, లోపలి వేడి బయటికి పోతోందని దాని అర్థం. రొద ఎక్కువగా ఉండి కూడా వెనుక గాలి పలచగా వస్తుంటే అప్పుడు అనుమానించాలి.

వీపుకు తగిలించే ఫ్యాన్లు ఎందుకు వద్దంటున్నాను

నేను కొన్న పెట్టెలో బొటనవేలంత ఫ్యాన్లు మూడు ఉండేవి, కన్సోల్ యూఎస్‌బీ పోర్టు నుంచే కరెంటు తీసుకునేవి. అనుమానం వచ్చి ఒక టిష్యూ కాగితం ముక్కను దారానికి కట్టి కన్సోల్ వెనుక వేలాడదీశాను. పెట్టె తగిలించకముందు కాగితం దాదాపు అడ్డంగా లేచి నిలబడింది. పెట్టె తగిలించి, దాని ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతుండగా చూస్తే సగానికే లేచింది. కన్సోల్ లోపలి ఫ్యాన్ తోస్తున్న గాలి కన్నా ఈ బుల్లి ఫ్యాన్లు లాగగలిగేది తక్కువ కాబట్టి, అవి సాయం చేయకపోగా గాలి దారిలో అడ్డుగోడలా నిలిచాయి. పైగా రొద వాటిదే ఎక్కువ. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసిన కరెంటు 5 వోల్ట్‌ల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. ఆ శక్తితో తిరిగే చిన్న రెక్కలు కన్సోల్ వదిలే 200 వాట్ల దాకా ఉండే వేడిని తరలిస్తాయని ఆశించడం అత్యాశే.

ఈ కథ కొత్తది కాదు. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చిన తొలి ఏళ్ళలో, మీట చుట్టూ మూడు ఎర్ర దీపాలు మెరిసి కన్సోల్ చచ్చిపోయే జబ్బు ప్రపంచమంతా పాకింది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచి, మరమ్మతుల కోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ రోజుల్లో వీపుకు తగిలించే ఫ్యాన్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. కొన్నిటి నిర్మాణం ఎలా ఉండేదంటే, కన్సోల్‌కు వెళ్ళే కరెంటు మొత్తం ఫ్యాన్ పెట్టెలోని ప్లగ్గుల గుండానే పోయేది, ఆ అదనపు అతుకులు వేడెక్కి ప్లాస్టిక్ కమిలిన సంఘటనలు ఉన్నాయి. అసలు జబ్బు చూస్తే చిప్పు ప్యాకేజీ లోపలి అతుకుల్లో ఉంది, పదేపదే వేడెక్కి చల్లారడం వల్ల అవి పగిలేవి. బయటి ఫ్యాన్‌కు అందే జబ్బు కాదది.

మొదటి పని: కొలవడం

ఫ్యాన్ కొనే ముందు తీగ చివర గుండు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు సంపాదించండి, చేపల తొట్టెలకు వాడేవి సరిపోతాయి. రెండిటినీ ముందు ఒక్క చోట పెట్టి, ఒకే అంకె చూపుతున్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే రాసుకోండి. ఒక గుండును గదిలో, కన్సోల్‌కు రెండు మీటర్ల దూరంలో, ఎండ తగలని చోట వేలాడదీయండి. రెండోదాన్ని కన్సోల్ గాలి పీల్చే సందు దగ్గర, కన్సోల్ ఒంటికి తగలకుండా అంగుళం ఎడంగా నిలపండి. ఒంటికి తగిలితే అది గాలి వేడి బదులు ప్లాస్టిక్ వేడిని చూపుతుంది.

తర్వాత మీ దగ్గరున్న ఆటల్లో బరువైనది ఒకటి ఎంచుకుని, నలభై నిమిషాలు నడిపి రెండు అంకెలూ రాయండి. ప్రతి పరీక్షకూ అదే ఆట, అదే సన్నివేశం వాడాలి. ఆట ఆపి మెనూలోనో మ్యాప్ తెర మీదో వదిలేస్తే వేడి తగ్గుతుందని అనుకోకండి, కొన్ని ఆటల్లో ఫ్రేముల (సెకనుకు గీసే బొమ్మల) వేగానికి హద్దు లేక మ్యాప్ తెర మీదే కన్సోల్ ఎక్కువ అరుస్తుంది.

ఇప్పుడు తేడా చూడండి. గది 33, పీల్చే గాలి 35 ఉంటే మీ అరలో గాలి బాగానే ఆడుతోంది, అదనపు ఫ్యాన్ వల్ల ఒరిగేది ఏమీ లేదు. మీ సమస్య కన్సోల్ లోపలి దుమ్ములోనో, గది వేడిలోనో ఉంది. అదే గది 33 ఉండగా పీల్చే గాలి 41, 42 చూపితే, కన్సోల్ తన వేడిని తానే తాగుతోందన్నమాట. ఫ్యాన్ కొనవలసింది ఈ రెండో సందర్భంలోనే.

రెండో పని: దుమ్ము దులపడం

ఏ ఫ్యాన్ కన్నా ముందు ఇది జరగాలి. మా అక్క కొడుకు వాడే ఏడేళ్ళ నాటి పీఎస్4ను ఒకసారి విప్పాం. ఫ్యాన్‌కూ హీట్‌సింక్ రేకులకూ మధ్య బూడిద రంగు పొర ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది. పట్టకారుతో ఒక మూల పట్టి లాగితే చిన్న దూది పరుపులా ఒక్క ముక్కగా ఊడివచ్చింది. వేళ్ళతో నలిపితే జిడ్డుగా తగిలింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పోపు వాసన, అగరుబత్తి వాసన కలిసి వచ్చాయి. వంటింటి పక్కనే హాలు, హాల్లోనే దేవుడి అర ఉన్న ఇల్లు అది. ఆ ముక్క తీసేశాక కన్సోల్ రొద సగానికి సగం తగ్గింది, ఫ్యాన్ కొనవలసిన అవసరమే రాలేదు.

పీఎస్5కైతే పక్క పలకలు పనిముట్టు లేకుండానే ఊడివస్తాయి. లోపల దుమ్ము పోగయ్యేందుకు సోనీ ప్రత్యేకంగా గుంటలు ఏర్పాటు చేసింది, వాటి రంధ్రాల దగ్గర వాక్యూమ్ క్లీనర్ మూతి పెట్టి లాగితే చాలు. పీఎస్4కు మధ్యలో బొడిపె ఉండే నక్షత్రం తల మరలు ఉంటాయి, వాటికి టి8 సెక్యూరిటీ స్క్రూడ్రైవర్ కావాలి. మర మీద సీలు అంటించి ఉండి, వారంటీ ఇంకా నడుస్తుంటే విప్పకండి.

ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల మధ్య ఒక అగరుబత్తి పుల్ల దూర్చి అది తిరగకుండా ఆపాలి. బయటి గాలికి ఫ్యాన్ విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ చెడుతుంది, పైగా ఆ మోటారే డైనమోలా మారి బోర్డులోకి కరెంటు తోసే ప్రమాదం ఉంది. ఒక జానెడు దూరం నుంచి, ఆగి ఆగి ఊదండి. కన్సోల్ వెచ్చదనానికి బొద్దింకలు చేరడం కూడా మన ఇళ్ళలో మామూలే. రెట్టలు కనిపిస్తే దులపడంతో ఊరుకోకుండా అర మొత్తం ఖాళీ చేసి శుభ్రం చేయాలి.

దుమ్ము తీశాక కూడా చల్లటి గదిలో, బయట బల్ల మీద పెట్టినా రొద తగ్గకపోతే చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. పాత పీఎస్4లో దాన్ని మార్పించుకోవచ్చు. పీఎస్5లో మాత్రం పేస్ట్ స్థానంలో లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) ఉంటుంది, అది కరెంటును పారనిచ్చే పదార్థం కాబట్టి ఒలికితే బోర్డు కాలిపోతుంది. అక్కడికి చేయి పెట్టకపోవడమే మేలు.

మూడో పని: చోటు మార్చి చూడటం

పీఎస్5కు గోడ నుంచి కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలని సోనీ చెబుతుంది. ఏ కన్సోల్‌కైనా అదే కొలత పాటించండి. వీలైతే ఒక రోజు దాన్ని అరలోంచి తీసి బల్ల మీద పెట్టి మళ్ళీ కొలవండి. ఆ ఏర్పాటు ఇంట్లో వాళ్ళకు అభ్యంతరం కాకపోతే పని అక్కడితో అయిపోయింది, కింది భాగం చదవనవసరం లేదు. చిన్నపిల్లలో, పిల్లులో, ఇంటి అందమో అడ్డువచ్చి అరలోనే ఉంచవలసి వస్తే ముందుకు వెళ్దాం.

నాలుగో పని: ఎంత గాలి కావాలో లెక్క వేయడం

ఈ లెక్క చాలా సులువు. కన్సోల్ గోడ ప్లగ్గు నుంచి లాగే కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికి వస్తుంది. బరువైన ఆటల్లో పీఎస్5 రమారమి 200 వాట్లు లాగుతుంది. వాట్లను 1.76తో గుణించి, అరలోని గాలి గది కన్నా ఎన్ని డిగ్రీలు పెరిగినా పరవాలేదనుకుంటున్నారో ఆ అంకెతో భాగిస్తే, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కదలాలో వస్తుంది. ఆరు డిగ్రీలకు ఒప్పుకుంటే 200ను 1.76తో గుణిస్తే 352, దాన్ని ఆరుతో భాగిస్తే సుమారు 59. ఫ్యాన్ డబ్బా మీద సీఎఫ్ఎం అని వేసేది ఈ కొలతనే.

అయితే డబ్బా మీది అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ, దుమ్ము వడపోత, ఇరుకు చోటు తోడైతే అది సగం దాకా పడిపోవచ్చు. అందువల్ల 60 కావలసిన చోట ఒక్కొక్కటి 50, 60 చొప్పున ఇచ్చే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు తీసుకోండి. చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగి కీచుమంటుంది, పెద్దది నిదానంగా తిరుగుతూ అంతే గాలిని చప్పుడు లేకుండా తోస్తుంది. కాబట్టి 80 మిల్లీమీటర్లవి నాలుగు కొనే కన్నా 120వి రెండు కొనడం తెలివైన పని.

కంప్యూటర్ కేసుల్లో వాడే 12 వోల్ట్‌ల ఫ్యాన్లు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. అదే కొట్లలో 230 వోల్ట్‌ల మీద నేరుగా తిరిగే ఇనుప చట్రం ప్యానెల్ ఫ్యాన్లు కూడా చూపిస్తారు. గాలి బాగా ఇస్తాయి గానీ రొద ఎక్కువ, కరెంటు తగిలించే మొనలు బయటికే ఉంటాయి. ఇంట్లోకి అవి వద్దు. 12 వోల్ట్‌ల ఫ్యాన్‌ను యూఎస్‌బీ 5 వోల్ట్‌ల మీద నడపవచ్చని దుకాణంలో చెబితే నమ్మకండి. కొన్ని అసలు కదలవు, కదిలినవి కూడా నీరసంగా తిరుగుతాయి. యూఎస్‌బీయే కావాలంటే 5 వోల్ట్‌లకే తయారుచేసిన ఫ్యాన్ అడిగి తీసుకోండి.

ఐదో పని: అరకు రంధ్రం కోసి బిగించడం

కోత మొదలు పెట్టేముందు కన్సోల్‌ను, టీవీ బాక్సును అక్కడి నుంచి తీసి వేరే గదిలో పెట్టండి. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) కోసినప్పుడు లేచే పొడి పిండిలా ఉంటుంది, ఏడేళ్ళలో చేరే దుమ్ము ఆ ఒక్క గంటలో కన్సోల్‌లోకి చేరగలదు.

ఫ్యాన్ల స్థానం కన్సోల్ వేడి గాలి వదిలే వైపు, వెనుక పలకలో వీలైనంత ఎత్తున ఉండాలి. కన్సోల్ వీపుకూ ఫ్యాన్‌కూ మధ్య ఒక అరచేయి వెడల్పు ఖాళీ వదలండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు 115 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రటి రంధ్రం కోసి, దాని చుట్టూ 105 మిల్లీమీటర్ల ఎడంతో నాలుగు మర రంధ్రాలు పెట్టాలి. వడ్రంగికి కాగితం మీద గీసి ఇవ్వడం మంచిది, ఫ్యాన్‌నే చేతిలో పెడితే చట్రం చుట్టూ గీత గీసి చతురస్రంగా కోసేస్తాడు. టీవీ యూనిట్ గోడకు అతుక్కుని ఉంటే వెనుక రంధ్రం పెట్టి లాభం లేదు, ఎదురుగా గోడే ఉంటుంది. అలాంటప్పుడు పక్క పలకలోనో, పై పలకలోనో కోయించండి.

గాలి ఎటు పోతుందో ఫ్యాన్ చట్రం మీద బాణం గుర్తు చెబుతుంది. గుర్తు లేకపోతే, మోటారును పట్టి ఉంచే అడ్డ పుల్లలు కనిపించే వైపుకు గాలి వస్తుందని గుర్తుపెట్టుకోండి. అది అర బయటికి ఉండాలి. ఫ్యాన్‌కూ చెక్కకూ మధ్య రబ్బరు ముక్కలు వేస్తే అదురు చెక్కలోకి పాకదు, బయటి వైపు ఇనుప జాలీ బిగిస్తే పిల్లల వేళ్ళు భద్రం.

చాలామంది మరిచిపోయేది లోపలికి వచ్చే దారి. ఫ్యాన్లు బయటికి తోసేంత గాలి ఎక్కడో అక్కడ లోపలికి రావాలి, లేకపోతే అవి ఊరికే తిరుగుతాయి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒక్కొక్కటి సుమారు 113 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, రెండిటికీ కలిపి లోపలికి వచ్చే దారి వైశాల్యం కనీసం 226 ఉండాలి. 90 సెంటీమీటర్ల వెడల్పు గాజు తలుపు కింద రెండున్నర సెంటీమీటర్ల సందు వదిలితే దాదాపు అంత వస్తుంది. ఆడుతున్నంతసేపూ తలుపు తీసి ఉంచగలిగితే ఇంకా మంచిది.

ఆరో పని: కరెంటు ఇవ్వడం

పాత వైఫై రౌటర్ అడాప్టర్లు చాలావరకు 12 వోల్ట్‌లవే. దాని మీది కాగితం చదివి, 12 వోల్ట్‌ల డీసీ, ఒక ఆంపియర్ అని ఉంటే రెండు ఫ్యాన్లను హాయిగా నడుపుతుంది. మామూలు మూడు తీగల ఫ్యాన్‌లో ఎరుపు ధనం, నలుపు రుణం, మూడోది వేగం తెలిపే తీగ, దాన్ని వదిలేయవచ్చు. ఫ్యాన్ల అడాప్టర్‌ను కన్సోల్, టీవీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే పెట్టండి, ఒక్క మీటతో అన్నీ మొదలవుతాయి. ఐదు వోల్ట్‌ల ఫ్యాన్ ఒక్కటే అయితే టీవీ వెనుక యూఎస్‌బీ పోర్టు నుంచి తీసుకోవచ్చు. చాలా టీవీల్లో టీవీ ఆపితే అదీ ఆగుతుంది.

వేడిని బట్టి దానంతటదే ఆన్ అయ్యే డబ్ల్యూ1209 వంటి చిన్న థర్మోస్టాట్ బోర్డులు చవకగా దొరుకుతాయి. ముచ్చటగానే ఉంటాయి గానీ, గది ఉష్ణోగ్రతే 36 ఉండే మే నెలలో 34కు అమర్చిన థర్మోస్టాట్ ఫ్యాన్లను రాత్రీపగలూ తిప్పుతూనే ఉంటుంది. మీటే మేలని నా అభిప్రాయం.

ఏడో పని: మళ్ళీ కొలవడం

ఫ్యాన్లు తిరుగుతుండగా తలుపు సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగబడాలి. బయటికి వస్తే ఒక ఫ్యాన్ తిరగేసి బిగించారన్నమాట. తర్వాత మొదటిసారి ఆడిన ఆటే, అదే నలభై నిమిషాలు నడిపి, గదికీ పీల్చే గాలికీ తేడా చూడండి. ఎనిమిది, తొమ్మిది ఉన్నది మూడు, నాలుగుకు దిగితే పని ఫలించినట్టు. ఏమీ మారకపోతే ఫ్యాన్ల సంఖ్య పెంచకండి, లోపలికి వచ్చే సందును పెంచి చూడండి. తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ఎయిర్ కూలర్ ఉన్నవారికి ఒక మాట. కూలర్ గాలి గదిని చల్లబరుస్తుంది, కన్సోల్‌కూ మేలే. కానీ దాని మూతిని నేరుగా అర వైపు తిప్పితే చెమ్మ, అప్పుడప్పుడు సన్నటి నీటి తుంపర కూడా కన్సోల్‌లోకి పోతాయి. మూడు మీటర్ల దూరంలో, మనుషుల వైపు తిప్పి పెట్టండి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో గాలి ఎలాగూ చెమ్మగా ఉంటుంది కాబట్టి అక్కడ కూలర్ వల్ల లాభం అంతంతే.

ఆట ముగించి కన్సోల్ ఆపిన వెంటనే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీట కట్టేయకండి. హీట్‌సింక్‌లో మిగిలిన వేడి అరలోకి నెమ్మదిగా వస్తూనే ఉంటుంది, అర ఫ్యాన్లను ఐదు నిమిషాలు తిరగనిచ్చి అప్పుడు కట్టండి. నెలకోసారి ఆ ఫ్యాన్ల రెక్కలను తడి గుడ్డతో తుడవండి, ఎందుకంటే కన్సోల్‌లోకి పోవలసిన జిడ్డు దుమ్ములో కొంత ఇప్పుడు వాటికి అంటుకుంటుంది.